పందికొక్కు, కోడిగంప, కుక్కగిన్నె

నేను పుట్టిపెరిగింది ఉదయగిరి దుర్గం కింద, కూతురి కాపురం ఆత్మకూరులో. రెండు పెరళ్ళలోనూ కోళ్ళున్నాయి, కుక్కలున్నాయి, కాబట్టి ఎలుకలూ ఉన్నాయి. కొత్తగా ఇల్లు కట్టుకుని నాలుగు నాటుపెట్టలు తెచ్చుకున్న మా వాళ్ళ పిల్లలు "పెద్దమ్మా, ఏ మందు పెట్టాలి?" అనే మొదలుపెడతారు. మందు మాట నాలుగోది. ముందు మూడూ చేసిన ఇంట్లో చాలాసార్లు దాని అవసరమే రాదు.

1. వచ్చిందెవరో చూడండి

ఉదయగిరిలో మాది పాతకాలపు రాతిగోడల ఇల్లు. అక్కడ బెడద ఇంటి ఎలుకది. గోడసందుల్లో దూరుతుంది, దూలాలెక్కుతుంది. ఆత్మకూరు వైపు సోమశిల నీళ్ళు పారే మాగాణి ఉంది. అక్కడ మురుగుకాలవ గట్టున తవ్వేది పందికొక్కు. బొరియ నోటి దగ్గర కొత్తమట్టి కుప్పగా పడి ఉంటే దానిదే. కనపడిన బొరియలన్నీ సాయంత్రం మట్టితో మూసెయ్యండి. తెల్లారి తెరుచుకున్నవాటిలోనే కాపురం ఉన్నట్టు. మిగతావాటి జోలికి పోనక్కర్లేదు.

మూతి పొడుగ్గా ఉండి కీచుకీచుమంటూ కంపుకొట్టే చుంచును మాత్రం కొట్టకండి. అది ఎలుకజాతే కాదు, బొద్దింకల్నీ పురుగుల్నీ తిని బతుకుతుంది.

2. గింజ దగ్గరే అసలు సంగతి

ఎలుక ముందు వచ్చేది కోడి కోసం కాదు, కోడికి చల్లిన నూకల కోసం. రుచి మరిగాక గుడ్డు, ఆ తర్వాత రెక్క కింద పిల్ల. కాబట్టి కోళ్ళు అక్కడికక్కడే ఏరుకు తినేంతే చల్లండి. పొద్దుగూకేలోపు మేత పళ్ళెం ఎత్తెయ్యాలి, గుడ్లు తీసెయ్యాలి, నీళ్ళ చిప్ప బోర్లించాలి. ఎండాకాలంలో మా మెట్ట ఊళ్ళలో ఎలుక నీళ్ళ కోసమే పెరట్లోకొస్తుంది. సజ్జలూ నూకలూ గోనెసంచిలో ఉంచితే ఎలుకలకు పెట్టినట్టే. రేకు డబ్బాలో పోసి మూత బిగించండి.

ఇక కుక్కగిన్నె. రాత్రి మిగిలిన అన్నం కుక్కకు పెట్టి పడుకోవడం మనందరి అలవాటు. అది సగం తిని ముడుచుకుంటుంది, మిగతా సగానికి తెల్లవార్లూ పందికొక్కులే. కోళ్ళగూటి మీద వేలు ఖర్చుపెట్టి ఈ గిన్నె ఎత్తనివాళ్ళను చాలామందిని చూశాను. కుక్కకు పెందలాడే పెట్టి, అది పక్కకు తప్పుకోగానే గిన్నె కడిగెయ్యండి.

3. గూడు నేలమీద వద్దు

గంప పగటిపూట గద్ద నుంచి కాపాడుతుంది. రాత్రి పందికొక్కు దాని కింద నేల తవ్వుకుని వస్తుంది. పిల్లలతల్లిని మూసేటప్పుడు కింద నాపరాయి పరిచి, గంప మీద బరువు పెట్టండి. గూడు కట్టించుకుంటే మోకాలెత్తు కాళ్ళ మీద నిలపండి. కాళ్ళకు నున్నటి రేకు చుడితే ఎలుకకు పట్టు దొరకదు. బజార్లో కోళ్ళవల పేరుతో అమ్మే ఆరుమూలల వల కోడిని లోపల ఉంచుతుందే గాని ఎలుకను బయట ఆపలేదు. అర అంగుళం కన్నుల వెల్డుమెష్ కావాలి. గూడు నేలమీదే ఉంటే ఆ మెష్‌ను అడుగు లోతు పాతి, కొసను బయటివైపు వంచాలి. కట్టెలమోపు గూటికి ఆనించి పేర్చకండి. ఎలుక చేరిన కట్టెల్లోకి కట్లపాము రాకుండా ఉండదు.

4. మందు

కొట్టువాడిచ్చే నల్లపొడి జింక్ ఫాస్ఫైడ్. కడుపులోని పులుపు తగలగానే విషవాయువు అవుతుంది. దానికి విరుగుడు లేదు. కోడికి కొద్ది గింజలు చాలు. రెండోది బ్రోమాడియోలోన్. 96 పాళ్ళు నూకలు, 2 నూనె, 2 మందుపొడి కలిపి, పొట్లం కట్టి బొరియలో పెట్టమని వ్యవసాయశాఖవాళ్ళు రైతులకు చెబుతారు. చేలో అది సరైన పద్ధతి. పెరట్లో మాత్రం కోడి కాలితో కెలికి ఆ పొట్లాన్ని బయటికి లాగుతుంది. పైగా ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్నాళ్ళు మందకొడిగా పట్టపగలే తిరుగుతుంది. కుక్కకూ పిల్లికీ అంతకంటే సులువైన వేట ఏముంటుంది?

బ్రోమాడియోలోన్‌కు విరుగుడు విటమిన్ కె1. ఒక సూదితో సరిపోదు, వారాల తరబడి ఇవ్వాలి. కుక్క చిగుళ్ళలో రక్తం కనిపించేదాకా ఆగొద్దు, అనుమానం రాగానే కదలండి. పాలో నూనో పొయ్యమని సలహాలిచ్చేవాళ్ళు చుట్టూ చేరతారు, వినకండి. జింక్ ఫాస్ఫైడ్ తిన్న కుక్కకు ఏది తినిపించినా పులుపు ఊరి వాయువు పెరుగుతుంది. మందు అట్టపెట్టె చేతబట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పోండి, లేదా 1962కు ఫోన్ చెయ్యండి. మందు తిన్నదని అనుమానమున్న కోడి గుడ్లు ఇంట్లో వండొద్దు.

గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఇంటి గడపలోకే రానియ్యకండి. గోడవారన బొరియలో వేసిన బిళ్ళ వాయువు గోడ దాటి, నిద్రపోతున్న మనుషుల దాకా వస్తుంది.

5. బోను

ఎలుక గోడవారనే నడుస్తుంది, బోనూ అక్కడే ఉండాలి. ఒకటి రెండు రాత్రులు తలుపు బిగించకుండా ఎర మాత్రం పెట్టండి, భయం పోతుంది. ఎండుచేప, వేయించిన వేరుశనగ రెండూ పనిచేస్తాయి. కోళ్ళు లేచేలోపు బోను తీసెయ్యాలి. జిగురు అట్టలు వద్దు. వాటికి బల్లులు, కోడిపిల్లలు అంటుకుంటాయి. ఎలుక రోజంతా చావలేక గింజుకుంటుంది.

6. పిల్లి, పాము, గుడ్లగూబ

పిల్లి చిట్టెలుకల్ని పడుతుంది. ఎదిగిన పందికొక్కు ఎదురుతిరిగితే వెనక్కి తగ్గుతుంది, కోడిపిల్ల కనిపిస్తే మాత్రం తగ్గదు! జెర్రిపోతుకు విషం లేదు. గుడ్లుంటే గూటి జోలికీ వస్తుంది గాని, ఎలుకల్ని పట్టడంలో దానికదే సాటి. అపశకునమని గుడ్లగూబను తరమకండి.

7. యానాదుల పని

ఎలుక గుట్టు మా జిల్లాలో యానాదులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. మిగతా దారులన్నీ మూసి, అడుగున చిల్లున్న కుండలో గడ్డి అంటించి, మూతిని బొరియకు ఆనించి చిల్లులోంచి ఊదుతారు. పొగకు సొమ్మసిల్లిన ఎలుకల్ని తవ్వి చేత్తో తీస్తారు. కోడికీ కుక్కకూ ఏ హానీ లేదు. పిలిస్తే రెండు మాటలు గుర్తుంచుకోండి. ముందుగా కూలి మాట్లాడి ఇవ్వండి, ఎలుకలే కూలి అనుకోవద్దు. ఇంతకుముందు అక్కడ మందు పెట్టి ఉంటే మొదటే చెప్పండి, పట్టిన ఎలుకల్ని వాళ్ళు వండుకుంటారు.

8. వాన, కోత

ముసురుకాలంలో బొరియల్లో నీళ్ళు నిండితే ఎలుకలు ఇళ్ళలోకెక్కుతాయి. ఎలుక మూత్రం కలిసిన బురదతో మనిషికీ కుక్కకూ ఎలుకజ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, వస్తుంది. చెప్పుల్లేకుండా పెరట్లోకి పోవద్దు. కుక్కకు ఏటా వేయించే టీకాలో లెప్టోస్పైరోసిస్‌కూ ఉందో లేదో అడగండి. ఎలుక పెంటికల్ని పొడిగా ఊడ్చకండి, బ్లీచింగ్ నీళ్ళు చల్లి తుడవండి.

రెండో దండు ఫిబ్రవరి, మార్చిలో మాగాణి కోతలప్పుడు వస్తుంది. పెట్ట గుడ్లు పొదగడానికి 21 రోజులు, ఎలుక చూలుకూ ఇంచుమించు అంతే. పెట్ట పిల్లల్ని దింపేసరికి ఎలుకా పిల్లల్ని పెట్టేస్తుంది. అందుకని కోత మిషను చేలోకి దిగే ముందే వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు ఒకే రాత్రి బోన్లు పెట్టుకోవాలి. పొదుగుకొచ్చిన పెట్ట ఉంటే ఆ నెల దాని కింద గుడ్లు వెయ్యకండి, పిల్లల్ని కోతలయ్యాక దింపుకోవచ్చు.