పికప్ వాహనాల వెనుక ఇరుసు నూనె మార్పిడి: సుల్తాన్‌పూర్, పటాన్‌చెరు ప్రాంత రైతులకు సూచనలు

సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలోని సుల్తాన్‌పూర్ నేడు వైద్య పరికరాల పార్కుకు, బాహ్య వలయ రహదారి కూడలికి పేరు పొందింది. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు దీనికి సమీపంలోనే ఉన్నాయి. ఈ పరిసరాల్లో పండే కూరగాయలు, ఆకుకూరలు, జహీరాబాద్ వైపు నుంచి వచ్చే అల్లం, ఆలుగడ్డ పటాన్‌చెరు, బోయిన్‌పల్లి మార్కెట్లకు చేరడంలో పికప్ వాహనాలదే ప్రధాన పాత్ర. తెల్లవారకముందే మార్కెట్టుకు చేరవలసిన కొత్తిమీర, పాలకూర వంటి సరుకు వాహనం దారిలో నిలిచిపోతే ధర కోల్పోతుంది. అందువల్ల వాహన సంరక్షణను కోత అనంతర యాజమాన్యంలో ఒక భాగంగానే పరిగణించాలి.

ఇంజన్ ఆయిల్ మార్పించడంలో చూపే శ్రద్ధను చాలామంది వెనుక ఇరుసులోని నూనె విషయంలో చూపరు. అది కంటికి కనిపించదు, మీటరు పలకపై దానికి హెచ్చరిక దీపమూ ఉండదు. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అనే సామెత మనకు తెలిసిందే. ఎడ్లబండి ఇరుసు కిర్రుమన్నాక కందెన వేసినా బండికి పెద్ద నష్టం లేదు. పికప్ విషయంలో అలా కాదు. దాని వెనుక ఇరుసు కూత పెట్టే సమయానికి లోపలి పళ్లు అప్పటికే అరిగి ఉంటాయి. శబ్దం రాకముందే నూనె మార్చాలన్నదే ఈ వ్యాసం సారాంశం.

డిఫరెన్షియల్ చేసే పని

వెనుక ఇరుసు నడుమ ఉన్న ఉబ్బెత్తు గోళంలో డిఫరెన్షియల్ ఉంటుంది. ఇంజన్ నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వచ్చే శక్తి చిన్న పినియన్ చక్రం నుంచి పెద్ద క్రౌన్ చక్రానికి చేరి, అక్కడి నుంచి రెండు వెనుక చక్రాలకు పంచబడుతుంది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. రెండు చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకుంటే, వాహనం ఒక పూర్తి వలయం తిరిగేసరికి బయటి చక్రం సుమారు 8.8 మీటర్లు అదనంగా నడుస్తుంది. వలయం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. డిఫరెన్షియల్‌లోని చిన్న గేర్లు ఈ తేడాను సర్దుబాటు చేస్తాయి.

క్రౌన్, పినియన్ పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడంతో పాటు జారుతూ రాసుకుంటాయి. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు, గేర్ల నిష్పత్తి నాలుగుకు ఒకటి అనుకుంటే, కిలోమీటరుకు పినియన్ దాదాపు 1,900 సార్లు తిరుగుతుంది. ఈ ఒత్తిడిలో పళ్ల మధ్య నిలిచేది పలుచని నూనె పొర మాత్రమే. క్రౌన్ చక్రం కింది భాగం నూనెలో మునిగి తిరుగుతూ దానిని పైకి చిమ్ముతుంది. పినియన్ బేరింగులకు అందేది ఆ చిమ్మిన నూనే. కనుక మట్టం తగ్గితే పినియన్ బేరింగు త్వరగా దెబ్బతింటుంది. పళ్ల ఉపరితలాన్ని మాత్రమే ప్రత్యేకంగా గట్టిపరుస్తారు. ఆ పొర అరిగిన తరువాత ఎంత మంచి నూనె పోసినా అది తిరిగి రాదు.

నూనె చెడిపోవడానికి కారణాలు

మొదటిది అధిక బరువు. బరువు పెరిగితే వేడి పెరుగుతుంది. వేడికి నూనె ఆక్సీకరణం చెంది, అందులోని రక్షక రసాయనాలు క్షీణిస్తాయి. రెండవది నీరు. వాన కాలంలో వాగు దాటేటప్పుడు వేడిగా ఉన్న ఇరుసు చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి సంకోచించి, పాడైన సీళ్ల గుండా, గాలి రంధ్రం గుండా నీటిని లోపలికి లాగుతుంది. మూడవది ధూళి. ఇరుసుపై ఉండే గాలి రంధ్రం, అంటే బ్రీదర్, మట్టితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి నూనె సీళ్లను తోసుకుని బయటకు వస్తుంది.

ఎన్ని కిలోమీటర్లకు నూనె మార్చాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. అయితే రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగే వాహనం 24,000 కిలోమీటర్లు నడుస్తుంది. నిత్యం నిండు బరువుతో, పొలం బాటల్లో నడిచే వాహనానికి అదే పుస్తకంలోని ‘కఠిన వినియోగం’ వ్యవధిని పాటించాలి. ఇరుసు నీట మునిగితే వ్యవధితో నిమిత్తం లేకుండా నూనెను పరీక్షించి, నీరు చేరినట్లు తేలితే వెంటనే మార్చాలి.

నూనె ఎంపిక

ఈ తరహా గేర్లకు సాధారణంగా జి.ఎల్.–5 శ్రేణి గేర్ ఆయిల్ అవసరం. అందులోని గంధకం, భాస్వరం సమ్మేళనాలు తీవ్ర ఒత్తిడిలో పళ్లను కాపాడతాయి. డబ్బాపై 80 డబ్ల్యు–90, 85 డబ్ల్యు–140 వంటి అంకెలు చిక్కదనాన్ని సూచిస్తాయి. వీటిలో ఏది వాడాలో వాహన పుస్తకాన్ని బట్టే నిర్ణయించాలి. ఇదే నూనెను అడగకుండా గేర్‌బాక్సులో పోయరాదు. కొన్ని జి.ఎల్.–5 నూనెలు అక్కడి ఇత్తడి, కంచు భాగాలకు హాని చేస్తాయి. లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్న వాహనాలకు తయారీదారు చెప్పిన ప్రత్యేక నూనెనే వాడాలి.

మార్చే విధానం

వాహనాన్ని 10 నుంచి 15 కిలోమీటర్లు నడిపి నూనె వేడెక్కనివ్వాలి. తరువాత చదునైన గట్టి నేలపై నిలిపి, ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ముందు వెనుక చెక్క ఆపులు పెట్టాలి. కేవలం జాకీపై నిలిచిన వాహనం కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరరాదు. పైకి ఎత్తవలసి వస్తే స్టాండ్లు తప్పనిసరి. వాలులో నిలిపితే నూనె మట్టం తప్పుగా కనిపిస్తుంది.

బోల్టుల చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో శుభ్రం చేశాక, ముందుగా నూనె పోసే బోల్టును విప్పాలి. కింది డ్రెయిన్ బోల్టును ఆ తరువాతే విప్పాలి. ఈ వరుస ముఖ్యం. పాత నూనె అంతా కార్చేశాక పై బోల్టు తుప్పుపట్టి కదలకపోతే కొత్త నూనె పోసే దారి ఉండదు, వాహనం అక్కడే నిలిచిపోతుంది.

నూనెను వెడల్పాటి పళ్లెంలోకి 15 నుంచి 20 నిమిషాల పాటు పూర్తిగా కారనివ్వాలి. వేడి నూనె చేతులపై పడకుండా జాగ్రత్త వహించాలి. డ్రెయిన్ బోల్టును తుడిచి, కొత్త వాషరుతో తిరిగి బిగించాలి. కొన్ని ఇరుసులకు డ్రెయిన్ బోల్టు ఉండదు. అటువంటి వాటికి వెనుక మూతను విప్పి, తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయాలి.

కొత్త నూనెను చేతి పంపుతో పై రంధ్రం గుండా పోయాలి. నూనె ఆ రంధ్రం అంచుకు చేరి సన్నగా కారడం మొదలైతే సాధారణంగా మట్టం సరిపోయినట్లే. వాహన పుస్తకం వేరొక మట్టం చెబితే దానినే పాటించాలి. ఎక్కువ పోస్తే మేలని భావించరాదు. అధికమైన నూనె ఇరుసు చివరి సీళ్లను దాటి బ్రేకు డ్రమ్ముల్లోకి చేరితే బ్రేకులు జారిపోతాయి. నిండు బరువుతో రహదారిపై వెళ్లే వాహనానికి ఇది ప్రాణాపాయం. చివరగా బ్రీదర్‌ను శుభ్రం చేసి, కొద్ది దూరం నడిపి, బోల్టుల వద్ద, చక్రాల లోపలి వైపు నూనె చెమ్మ ఉందేమో చూడాలి.

పాత నూనె తెలిపే సంగతులు

పాత నూనెను వెంటనే తీసివేయక పరీక్షించాలి. అయస్కాంతం ఉన్న బోల్టుకు మెత్తని బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే అది సహజమైన అరుగుదల. వేలికి గుచ్చుకునే లోహపు ముక్కలు, పంటి పెళ్లలు కనిపిస్తే ఇరుసును విప్పి చూపించాలి. నూనె పాలలా తెల్లబడితే నీరు చేరిందని అర్థం. మాడు వాసనతో నల్లబడితే అధిక వేడికి గురైందని గ్రహించాలి.

శబ్దాలను కూడా వేరుచేసి గుర్తించవచ్చు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు మారే కూత తరచుగా క్రౌన్, పినియన్‌లకు సంబంధించినది. మలుపుల్లో మాత్రమే వినిపించే టకటక చప్పుడు లోపలి చిన్న గేర్లది కావచ్చు. ఈ స్థితిలో నూనె మార్పు మరమ్మతుకు ప్రత్యామ్నాయం కాదు.

పాత నూనెను నేలపాలు చేయరాదు

ఈ ప్రాంతానికి కాలుష్యం కొత్త మాట కాదు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగు గుండా మంజీరకు చేరడంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఆ వ్యర్థాల వల్ల పొలాలు, బావులు నష్టపోయిన రైతులే స్వయంగా గట్లపై పాత నూనె పారబోయడం తగదు. వాడిన నూనెను 2016 నాటి హానికర వ్యర్థాల నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా పరిగణిస్తున్నాయి. కలుపుపై చల్లడం, పొయ్యిలో కాల్చడం, చెదల నివారణకు కర్రలకు పూయడం మానాలి. నీరు, డీజిలు కలపకుండా మూత ఉన్న డబ్బాలో నిల్వచేసి, వాడిన నూనెను సేకరించే సర్వీసు కేంద్రానికి అప్పగించాలి.

నూనె మార్చిన తేదీ, కిలోమీటర్లు, నూనె రకం, పాత నూనె రంగు ఒక పుస్తకంలో నమోదు చేసుకోవాలి. రెండు మూడు మార్పుల తరువాత ఆ వివరాలే తమ వాహనానికి తగిన వ్యవధిని రైతుకు తెలియజేస్తాయి. ఒకవైపు రెండు మూడు లీటర్ల నూనె, ఒక గంట శ్రమ. మరొకవైపు క్రౌన్, పినియన్ జత, బేరింగులు, షెడ్డులో గడిచే రోజులు, వాడిపోయే పంట. ఈ రెండింటిని పోల్చి చూసుకుని, వానలకు ముందొకసారి, వానలు వెలిశాక మరొకసారి ఇరుసు నూనెను పరీక్షించుకోవడం రైతులకు శ్రేయస్కరం.