ఓపెన్ గార్డ్ నేర్చుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలూకి,

జియు-జిట్సు క్లాసులో ఓపెన్ గార్డ్ ఎప్పుడో గానీ చెప్పడం లేదనీ, అందుకే కోర్సులు కొనుక్కుని రాత్రిళ్లు చూస్తున్నాననీ రాశావు. స్పైడర్, లాసో, డి లా రీవా, ఎక్స్ గార్డ్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టావట. వీడియోలు చూడొద్దని నేననను. ఎలా చూడాలో మాత్రం చెప్పాలనిపించింది.

ముందు ఆ నాలుగింట్లో మూడు పక్కన పెట్టు. డి లా రీవా ఒక్కటే పట్టుకో. మీ జిమ్‌లో నీతో రోల్ చేసేవాళ్లంతా నీకంటే బరువైనవాళ్లే, పైగా లేచి నిలబడి నీ కాళ్లు దాటి పాస్ చేస్తారు. రికార్డో డి లా రీవాది కూడా అదే పరిస్థితి. 1980లలో రియోలో, కోపకబానాలోని కార్ల్‌సన్ గ్రేసీ అకాడమీలో ఆయన సన్నటి మనిషి, చుట్టూ బలమైన పాసర్లు. వాళ్ల ముందుకాలిని బయటినుంచి చుట్టేసి కదలనివ్వకుండా చేసే పద్ధతికి ఆయన పేరే స్థిరపడిపోయింది.

ఎదుటివాడు ఎడమకాలు ముందుకు పెట్టి నిలబడ్డాడనుకో. నీ కుడికాలు ఆ కాలి బయటినుంచి తిరిగి, పాదం అతని తొడ లోపలివైపు కొక్కెంలా (అదే హుక్) పట్టుకుంటుంది. కుడిచెయ్యి అతని మడమ దగ్గర, ఎడమచెయ్యి అతని కుడి స్లీవ్ మీద, ఎడమపాదం అతని తుంటి మీద. ఇదంతా వీడియోలో కనిపిస్తుంది. కనిపించనిది బిగువు. ఎడమపాదం తోస్తూ ఉండగానే ఎడమచెయ్యి లాగుతూ ఉండాలి. రెండింట్లో ఏది ఆగినా అతను నిటారుగా నిలబడి ఊపిరి పీల్చుకుంటాడు. నువ్వు వెల్లకిలా పడుకుని ఉంటే ఆ బిగువు రానే రాదు. కొంచెం కుడి తుంటి మీదకి ఒరిగి ఉండాలి. స్లీవ్ పట్టేటప్పుడు గుడ్డని బయటినుంచి పిడికిట్లో ముడుచుకో. వేళ్లు అంచు లోపలికి దూరిస్తే పోటీల్లో ఫౌల్.

వీడియో చూసేటప్పుడు మన కళ్లు చెప్పేవాడి చేతుల మీదే ఉంటాయి. రెండోసారి అతన్ని వదిలేసి కింద పడబోయే మనిషిని చూడు. బరువు ఏ కాలి మీద ఉంది? అతన్ని పడగొట్టే స్వీప్‌కి సరిగ్గా ముందు చెయ్యి నేలకి ఆనించాడా, అడుగు వెనక్కి వేశాడా? డెమోలో అతను కదలకుండా సహకరిస్తాడు. మ్యాట్ మీద ఎవరూ సహకరించరు. మోకాలు తిప్పి నీ హుక్‌ని కిందికి నొక్కుతారు, స్లీవ్ విదిలించుకుంటారు, ఆ వెంటనే నీ కాళ్లు రెండూ ఒకపక్కకి విసిరేస్తారు. అందుకే నా మాట విని స్వీపుల చాప్టర్లకంటే ముందు గార్డ్ రిటెన్షన్ చాప్టర్ చూడు. హుక్ జారిన క్షణంలో తుంటి పక్కకి జరిపి, మోకాలు మధ్యలోకి తెచ్చి, పాదం మళ్లీ తుంటి మీద పెట్టడం. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. కానీ అది వచ్చేదాకా నీ స్వీపులేవీ పెద్దవాళ్ల మీద పనిచేయవు.

చూసింది ఆ వారంలోనే చెయ్యి. క్లాసు అయ్యాక ఒక ఫ్రెండ్‌ని ఆపి, డి లా రీవాలోనే మొదలుపెడదాం, పాస్ చేస్తే నువ్వు గెలిచినట్టు, స్వీప్ చేస్తే నేను గెలిచినట్టు అని చెప్పి మూడేసి నిమిషాలు రోల్ చెయ్యి. ముందు సగం బలంతో చెయ్యమను.

లాక్లన్ జైల్స్ వీడియోలు నీకు నచ్చాయన్నావు. నాకూ ఇష్టమే. 2019 ఏడీసీసీ గ్రాప్లింగ్ పోటీల్లో 77 కిలోల విభాగం మనిషి, బరువు విభాగాలు లేని ఆబ్సల్యూట్‌లో తనకంటే ఎంతో పెద్దవాళ్లని ముగ్గుర్ని మడమ మెలితిప్పే హీల్ హుక్‌తో ట్యాప్ చేయించి మూడో స్థానం తెచ్చుకున్నాడు. కింద ఉన్న చిన్న మనిషి ఏం చేయగలడో చూపించిన రోజది. కానీ అమ్మలూ, హీల్ హుక్ మాత్రం వీడియో చూసి ఇంట్లో ఎవరి మీదా ప్రయత్నించకు. నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ తెగిపోవచ్చు. కోచ్ పక్కన నిలబడి నేర్పినప్పుడే దాని జోలికి వెళ్లు. తలకిందులుగా తిరిగే బెరింబోలో కూడా అంతే, మెడ మీద బరువు పడకుండా దొర్లడం వచ్చాకే.

ఈసారి రోల్ చేసేటప్పుడు ఫోన్ గోడకి ఆనించి రికార్డు చెయ్యి. నువ్వు స్వీప్ చేసినవి వద్దు, నీ గార్డ్ పాస్ అయినవి పంపు. పాస్ అవడానికి ముందు కొన్ని సెకన్లు ఉంటే చాలు, ఏ పట్టు ముందు జారిందో ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటూ చూద్దాం. వేళ్ల కీళ్లు వాచాయని రాశావు కదా, టేప్ చుట్టుకుని రెండ్రోజులు స్లీవ్ పట్టకుండా ఉండు. అమ్మని అడిగానని చెప్పు.

ప్రేమతో,
మామయ్య