ఎర్ర చేను, నల్ల చేను: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కంబదూరు దగ్గర మాకు ఎర్ర చేను ఉంది, వర్షాధారంగా వేరుశనగ వేస్తాం. విడపనకల్లులో మా బావమరిది వాళ్లది నల్లరేగడి. ఒక గట్టి వాన పడితే వాళ్ల పైరు వారాల తరబడి నిలుస్తుంది. మాది పది రోజులకే వాడిపోతుంది. చెరువులో నల్లమట్టి తోలుకుంటే మా చేను బాగుపడుతుందా?

జవాబు: ముందు మీ బావమరిదిని ఒక మాట అడగండి. ముంగారులో పది మిల్లీమీటర్ల జల్లు పడితే ఆయన చేలో పదను ఎంత లోతుకు దిగుతుంది? రెండు మూడు అంగుళాల్లోనే ఆగిపోతుంది, ఎండకు ఆవిరైపోతుంది. అదే జల్లు మీ ఎర్ర నేలలో ఇంకాస్త కిందికి, వేరు దాకా పోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ చిన్న చిన్న జల్లులుగా పడే మన ప్రాంతంలో ఇది తక్కువ లాభం కాదు. నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ కాబట్టి నీళ్లు బాగా పట్టుకుంటుంది, కానీ పట్టుకున్నదంతా వేరుకు వదలదు. అందుకే అక్కడ చాలామంది ముంగారులో చేను ఖాళీగా ఉంచి, వానలన్నీ తాగించి, అక్టోబరు, నవంబరుల్లో పప్పుశనగ వేస్తారు. ఆ పంట చలికి, మంచుకు, నేలలో దాగిన పదనుకే పండుతుంది.

వేరుశనగకు మీ నేలే అనువైనది. పూత రాలాక ఊడలు నేలలోకి దిగాలి, కాయ ఊరాలి, పీకితే చెట్టుతో పాటు రావాలి. ఎండి బిగుసుకున్న రేగడిలో సగం కాయ భూమిలోనే ఉండిపోతుంది.

నన్నడిగితే రంగు కంటే లోతు ముఖ్యం. గడ్డపారతో చేలో నాలుగు చోట్ల తవ్వి చూడండి. జానెడు లోతుకే గరుసు తగిలితే అక్కడ కొర్ర, ఉలవ వంటివి మేలు. రెండడుగుల మట్టి ఉంటే వేరుశనగలో కంది సాళ్లు కలపండి, ఏడు సాళ్లకు ఒకటి, లేదా పదకొండుకు ఒకటి. కంది వేరు లోతుకు పోయి, వేరుశనగకు అందని పదనును వాడుకుంటుంది.

చెరువు మట్టి తోలుకోవచ్చు, దండిగా వద్దు. వేసవిలో తోలి, గడ్డలు నలగ్గొట్టి, పలచగా పరిచి దున్నండి. మందంగా వేస్తే ఎర్ర నేలకున్న గుల్లతనం పోతుంది. తోలే ముందు ఆ మట్టిని పరీక్ష చేయించండి, చౌడు ఉంటే తెచ్చిన మేలు కంటే కీడే ఎక్కువ. మొదటి ఏడు అరెకరంలో వేసి చూడండి. దీనికంటే తక్కువ ఖర్చులో పనయ్యేది జిప్సం: ఎకరాకు 200 కిలోలు, ఊడలు దిగే సమయానికి మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి. కాయకు కావాల్సిన సున్నం వేరు నుంచి కాదు, కాయే నేరుగా మట్టి నుంచి తీసుకుంటుంది.

ప్రశ్న: యాడికి దగ్గర నల్ల నేలలో బోరు కింద వేరుశనగ వేశాం. లేత ఆకులు తెల్లబారుతున్నాయి. యూరియా వేయమంటున్నారు.

జవాబు: వేయకండి. నత్రజని తక్కువైతే ముందు ముదురాకులు పసుపెక్కుతాయి. మీకు లేత ఆకులు పోతున్నాయి, ఈనెలు పచ్చగా ఉంటే ఇది ఇనుము లోపమే. మీ నేలలో ఇనుము లేక కాదు, సున్నపు గడ్డలున్న నేల దాన్ని వేరుకు అందనివ్వదు. తడి ఎక్కువైతే ఈ లోపం ఇంకా పెరుగుతుంది, కాబట్టి ముందు నీళ్లు తగ్గించండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు సార్లు చల్లండి. కలిపిన మందు నిలవ ఉంచకండి.

ప్రశ్న: తాడిపత్రి వైపు రేగడిలో చీనీ తోట పెట్టాలనుకుంటున్నాం. పెట్టవచ్చా?

జవాబు: మొక్కలు కొనడానికి ముందే ఐదారడుగుల గుంత తవ్వి, అడుగుకో నమూనా విడిగా తీసి మట్టి పరీక్షకు పంపండి. పైపొర మట్టి ఒక్కటే చూసి తోట పెడితే, వేరు కిందికి దిగాక సున్నం పొర బయటపడుతుంది. గుంతలో నీళ్లు పోసి చూడండి, మరునాటికీ ఇంకకపోతే అక్కడ చీనీ వద్దు. ఇంకితే రంగపూర్ నిమ్మ మీద అంటుకట్టిన మొక్కలే తీసుకోండి, సున్నాన్ని జంబేరి కంటే అదే బాగా తట్టుకుంటుంది.