పండుగ మిగులుతో చిరు భక్ష్యాలు: ఆయుర్వేద దృష్టితో ఒక పాఠం

మా శివ్వంపేట ప్రాంతంలో ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు ప్రతి ఇంటి వంటగదిలోనూ నాలుగైదు రకాల అన్నాలు తయారవుతాయి. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలైన బతుకమ్మ ఆ రోజున సద్దులతో ముగుస్తుంది. చింతపండు పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, నిమ్మకాయ సద్ది, వాటికి తోడు బెల్లం, నెయ్యి కలిపిన మలీద. ఆడపడుచులు చెరువు గట్టున ఆడి పాడి, బతుకమ్మను నీటిలో విడిచి, సద్దులు ఒకరికొకరు పంచుకుంటారు. ఎంత పంచినా ఇంటికి కొంత తిరిగి వస్తుంది. మరునాడు ఉదయం ఆ గిన్నెల ముందు నిలబడి గృహిణి వేసుకునే ప్రశ్న ఒక్కటే: “దీనిని ఏమి చేయాలి?”

అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెద్దలు చెప్పారు గనుక పారవేయడానికి చేయి రాదు. అట్లాగని తింటే ఆరోగ్యం ఏమవుతుందో తెలియదు. ఈ మధ్య చాలా ఇళ్లలో మిగిలిన అన్నానికి పిండి కలిపి, నోటిలో ఒక్కసారికి సరిపడే బిళ్ళలుగానో ఉండలుగానో వేపి, భోజనానికి ముందు అతిథులకు అందిస్తున్నారు. ఈ పద్ధతి మంచిదా, చెడ్డదా అని నన్ను తరచుగా అడుగుతున్నారు. రెండూ నిజమే. ఎప్పుడు మంచిదో, ఎప్పుడు చెడ్డదో తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

నేను చేసిన పొరపాటు

గురుకులంలో నేను అష్టాంగహృదయం చదివే రోజులలో, ఒకసారి చల్లారిన అన్నాన్ని తిరిగి వేడిచేసి తినరాదన్న వాగ్భటుని నిషేధాన్ని మా గురువుగారు పదే పదే వల్లె వేయించారు. అయినా గృహస్థునైన తరువాత ఆ మాటను నేను తేలికగా తీసుకున్నాను. కొన్ని సంవత్సరాల క్రితం సద్దుల మరునాడు మా కోడలు గిన్నె చూపించి, “మామయ్యా, ఇది రాత్రంతా బయటే ఉన్నది, పారవేయమంటారా?” అని అడిగింది. నేను శాస్త్రం తెలిసినవాని ధీమాతో, “నూనెలో వేపితే దోషం పోతుందమ్మా, నూనె, నెయ్యి తగిలిన పదార్థానికి నిలువ దోషం లేదని స్మృతులే చెప్పాయి” అన్నాను. ఆమె నా మాట మీద గౌరవంతో సెనగపిండి కలిపి వేపింది. కమ్మగా ఉన్నాయి. రెండు మూడు గంటలు గడవకముందే మా మనుమడికి వాంతులు పట్టుకున్నాయి, తరువాత నా భార్యకు. పిల్లవానిని ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. ఆ రాత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు నా విద్య నాకు ఎంత దూరంలో ఉన్నదో తెలిసివచ్చింది.

అక్కడి యువ వైద్యుడు ఓపికగా వివరించారు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు సహజంగా ఉండవచ్చు. అన్నం ఉడికినా ఆ బీజాలు చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, వృద్ధి పొంది, ఒక విషాన్ని విడుస్తాయి. ఆ విషం వేపినా, మరిగించినా నశించదు. వాసనలోనూ రుచిలోనూ తేడా కనిపించకపోవచ్చు. తిన్న తరువాత ఒకటి నుండి ఆరు గంటలలోపు వాంతులు మొదలవుతాయి.

ఇది విన్నాక నా తర్కంలోని లోపం బోధపడింది. స్మృతులు చెప్పినది మొదటి నుండీ స్నేహద్రవ్యంతో వండిన పదార్థం గురించి. పాసిన అన్నాన్ని తరువాత నూనెలో వేస్తే అది శుద్ధమవుతుందని అవి చెప్పలేదు. పైగా అవి ఆచార విషయంగా చెప్పిన మాటను నేను ఆరోగ్య విషయానికి అన్వయించాను. అగ్ని అన్నింటినీ శుద్ధి చేస్తుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు.

మిగులు, ఎంగిలి, పాసినది

మన భాషలోనే ఈ విషయానికి కావలసిన వివేకం ఉన్నది. వడ్డించగా పాత్రలో శుభ్రంగా నిలిచినది మిగులు. నోరు గానీ, తిన్న చేయి గానీ తగిలినది ఎంగిలి. కాలం మీరినది పాసినది. మొదటిదానినే మరొక వంటగా మార్చుకోవచ్చు. రెండవదానిని దాచరాదు. మూడవదానిని ఏ సంస్కారమూ బాగుచేయలేదు.

చరకాచార్యులు విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని ఎనిమిది అంశాలతో పరీక్షించమన్నారు: ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగ నియమం, తినేవాడు. వీటిలో కరణమంటే సంస్కారం. వేపడం, నానబెట్టడం, చిలకడం, ఇతర ద్రవ్యాలు చేర్చడం వంటి పనుల వలన పదార్థానికి కొత్త గుణం వస్తుంది. బరువైన ముద్దపప్పుకు అల్లం, వాము తోడైతే జీర్ణించే తీరు మారుతుంది. అయితే సంస్కారం ఎనిమిదింటిలో ఒకటి మాత్రమే. కాలం తప్పినప్పుడు సంస్కారం ఎంత గొప్పదైనా ప్రయోజనం లేదు. నా పొరపాటు అదే.

ముందు రోజే చేయవలసిన పని

మిగులును బాగుచేయడం మరునాడు కాదు, పండుగనాడే మొదలుకావాలి. సద్దులు మధ్యాహ్నం కలిపి, బుట్టలో పెట్టి, చెరువు నుండి రాత్రి తిరిగివచ్చే సరికి చాలా గంటలు గడుస్తాయి. ఆ గంటలన్నీ లెక్కలోకి వస్తాయి. కావున చెరువుకు తీసుకువెళ్లే భాగాన్ని అక్కడే పంచి ముగించాలి. మరునాటికి కావలసిన భాగాన్ని వండిన వెంటనే వేరుగా తీసిపెట్టాలి.

ఆ భాగాన్ని లోతైన గిన్నెలో మూతపెట్టి ఉంచరాదు, లోపలి వేడి గంటల కొద్దీ నిలుస్తుంది. వెడల్పైన పళ్ళెంలో పలుచగా పరచి, ఆవిరి పోగానే, గంటలోపు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రిజ్ 5 డిగ్రీల సెల్సియస్‌కు లోబడి ఉండాలి. మరునాడే వాడాలి. ఒక్కసారి మాత్రమే వేడిచేయాలి, లోపలి వరకు పొగలు రావాలి. అప్పటికీ మిగిలితే మళ్ళీ దాచరాదు. ఫ్రిజ్ లేని ఇంట మరునాటికి ఉంచకపోవడమే ఉత్తమం, వంటే తగ్గించుకోవాలి.

ఇట్లా వెంటనే చల్లబరచిన అన్నం కూడా వాగ్భటుని నిషేధానికి పూర్తిగా వెలుపల లేదు. తాజా వంటే శ్రేష్ఠం. ఏడాదికి రెండు మూడు పండుగలకు, మితంగా, దీపన ద్రవ్యాలతో తినడానికి మాత్రమే కింది పద్ధతులు చెబుతున్నాను.

మూడు చిరు భక్ష్యాలు

పులిహోర పొంగనాలు: రెండు కప్పుల పులిహోరను చేతితో కొద్దిగా మెదపాలి. అర కప్పు సెనగపిండి, ఒక చెంచా అల్లం తురుము, అర చెంచా జీలకర్ర, సన్నగా తరిగిన కరివేపాకు, కొత్తిమీర చేర్చి, తగినంత నీటితో ముద్దగా కలపాలి. ఉసిరికాయంత ఉండలు చేసి, గుంత పొంగనాల పెనంలో ఒక్కొక్క చుక్క నువ్వుల నూనె వేసి, మూతపెట్టి సన్నని మంట మీద రెండు వైపులా ఎర్రగా కాల్చాలి. చింతపండు పులుపు రుచిని పుట్టిస్తుంది, అల్లం అగ్నిని లేపుతుంది. ఉప్పు పులిహోరలోనే ఉంటుంది గనుక మళ్ళీ వేయనక్కరలేదు.

నువ్వుల సద్ది బిళ్ళలు: రెండు కప్పుల నువ్వుల సద్దిలో రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి, పావు చెంచా మిరియాల పొడి, చిటికెడు ఇంగువ కలిపి, రూపాయి బిళ్ళ కన్న కొంచెం పెద్దవిగా వత్తి, పెనం మీద నేతితో కాల్చాలి. నువ్వులు వాతహరం, బలకరం. కాని ఉష్ణవీర్యం గనుక పిత్త ప్రకృతి గలవారు ఒకటి రెండింటితో ఆపాలి.

ముద్దపప్పు బిళ్ళలు: ఒక కప్పు గట్టి ముద్దపప్పులో అర కప్పు ఉప్మారవ్వ, పావు కప్పు బియ్యప్పిండి, అల్లం, పచ్చిమిర్చి, అర చెంచా నలిపిన వాము చేర్చి పావుగంట నాననిచ్చి, చిన్న బిళ్ళలుగా పెనం మీద కాల్చాలి. కందిపప్పు కలిగించే ఉబ్బరాన్ని వాము అణచివేస్తుంది.

మూడింటినీ పెనం మీద కాల్చమన్నాను గాని నూనెలో ముంచి వేపమనలేదు. పండుగనాడు గారెలు వేపిన నూనెనే మరునాడు మళ్ళీ కాచడం కొన్ని ఇళ్లలో అలవాటు. పదే పదే కాగిన నూనెలో హానికర పదార్థాలు పెరుగుతాయి. వాటి మోతాదు 25 శాతం దాటిన నూనెను వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై నుండి నియమం పెట్టింది. ఇంట్లో ఆ కొలత చూసే సాధనం ఉండదు గనుక, నల్లబడిన నూనెను, నురుగు కట్టే నూనెను విడిచిపెట్టాలి.

మార్చరానివి

పెరుగు సద్దిని వేడి చేయరాదు. వేడిచేసిన పెరుగును, రాత్రివేళ పెరుగును చరకాచార్యులు నిషేధించారు. కావున దానిని సాయంకాలమే ముగించాలి. పచ్చికొబ్బరి త్వరగా చెడుతుంది గనుక కొబ్బరి సద్దిని కూడా దాచరాదు. ఇవి ఎక్కువగా మిగిలితే పశువులకు గంపెడు పోయడం పుణ్యమని కొందరు భావిస్తారు. ఒక్కసారిగా అంత అన్నం తిన్న ఆవుకు కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఎరువు గుంటలో వేయడమే మేలు. మట్టికి చేరిన అన్నం వృథా కాదు.

ఎంత, ఎప్పుడు, ఎవరు

చిరు భక్ష్యం ఆకలిని పిలవాలి, ఆకలిని తీర్చరాదు. మనిషికి మూడు నాలుగు చాలు. భోజనానికి ముందు చిన్న అల్లం ముక్కను సైంధవ లవణంతో నమలడం మన సంప్రదాయం. దానితో పాటు ఈ బిళ్ళలు రెండు తిని, అరగంట తరువాత తేలికైన భోజనం చేయవచ్చు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మాని అల్లం మాత్రమే తీసుకోవాలి.

నాలుకపై తెల్లని పూత, ఒంటి బరువు, నిన్నటి భోజనం వాసనతో త్రేన్పులు ఉన్నవారిలో ఆమం ఉన్నదని అర్థం. వారికి ఆ పూట లంఘనమే ఔషధం. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు, జ్వరం నుండి కోలుకుంటున్నవారికి తాజా వంటే పెట్టాలి.

ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే కషాయాల కోసం వెతుకుతూ కాలం గడపరాదు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమతల చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచా అంటే ఇక్కడ టీ చెంచా. నీరు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇప్పుడు మా ఇంట సద్దులనాడు పళ్ళెం పరచేది మా కోడలే. గంట చూసేది మనుమడు. మరునాడు పొంగనాలు వడ్డించే ముందు ఆమె నన్ను అడగదు. ఎప్పుడు ఫ్రిజ్‌లో పెట్టినదీ నాకే చెబుతుంది. అది విన్న తరువాతనే నేను చేయి చాస్తాను. అన్నాన్ని గౌరవించడమంటే పారవేయకపోవడం మాత్రమే కాదు, దానిని పాసిపోనీయకపోవడం కూడా.