పత్తి కట్టెలో దాగిన జిగురు



మన హాస్టల్లో చదివిన నేను ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. ఈ సంచికకు ఏం రాయాలా అనుకుంటే, ఏటా మా ఊరి చేలల్లో తగలబెట్టే పత్తి కట్టె గుర్తుకొచ్చింది.

కొత్త ప్లైవుడ్ బల్ల దగ్గర కళ్ళు మండటం మీరు గమనించే ఉంటారు. చౌక రకాల్లో చెక్క పొరలను అతికించే యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురు నుండి వెలువడే ఫార్మాల్డిహైడ్ వాయువే దానికి కారణం. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. నీటికి తట్టుకునే ప్లైవుడ్‌కు ఫినాల్-ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. దీని నుండి వాయువు చాలా తక్కువగా వెలువడుతుంది. కానీ ఫినాల్ ఖరీదైనది, పెట్రోలియం నుండి తయారవుతుంది.

మరి పత్తి కట్టెలో ఏముంది? సెల్యులోజ్, హెమీసెల్యులోజ్‌లతో పాటు లిగ్నిన్ ఉంది. మొక్క నిటారుగా నిలబడేలా నారలను అతికించి ఉంచేది ఇదే. దీని అణువులో ఫినాల్‌ను పోలిన వలయాలుంటాయి. అందుకే కొంత ఫినాల్‌కు బదులు దీన్ని వాడవచ్చు.

తయారీ విధానం ఇది: ఎండిన కట్టెను పొడి చేసి కాస్టిక్ సోడా ద్రావణంలో ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగి నల్లని ద్రవం వస్తుంది. వడకట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే గోధుమరంగు అవక్షేపం ఏర్పడుతుంది. కడిగి ఆరబెట్టిన ఆ పొడిని ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో క్షార మాధ్యమంలో వేడిచేస్తే జిగురు సిద్ధం. (ఇది ల్యాబ్‌లో చేయవలసినదే, ఇంట్లో ప్రయత్నించవద్దు.)

లోపాలూ ఉన్నాయి. లిగ్నిన్ వలయాల్లో చర్య జరిగే స్థానాలు కొన్ని ముందే నిండి ఉంటాయి. కాబట్టి ఫినాల్ మొత్తాన్ని తీసివేయలేం. ఫార్మాల్డిహైడ్ అవసరమూ పోదు.

ఇదంతా అమ్మకు చెబితే ఒకటే అడిగింది: "కట్టెంత జిగురుకు వోతే మన పొయ్యిల ఏం పెట్టాలె బిడ్డా?"

ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ప్రశ్న అది. పొయ్యిలోకి పోయే కట్టె వేరు, చేలో బూడిదయ్యే కట్టె వేరు. మనకు కావలసింది ఆ రెండోదే. దానికి ధర వస్తే అది కోసి మోసిన వాళ్ళకూ అందాలి.

తమ్ముళ్ళారా! ఫార్ములాలు బట్టీ పట్టండి, తప్పులేదు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు మాత్రం అవి మన చేలో ఎక్కడున్నాయో ఒక్కసారి వెతకండి.