కిటికీలో రెక్క, రెక్కకు గడియ: స్కెచ్‌అప్‌లో దిక్కు తప్పకుండా అమర్చడం

సివిల్ డిప్లొమాలోనో, ఆర్కిటెక్చర్‌లోనో చేరేవారికి స్కెచ్‌అప్‌తో పని పడుతుంది. అందులో కొత్తవారిని బాగా తికమకపెట్టేది కాంపోనెంట్‌లో కాంపోనెంట్ పెట్టడం. దాన్ని కిటికీ ఉదాహరణతో తెలుసుకుందాం.

గడియ రెక్కలో ఉంటుంది. రెక్క కిటికీలో ఉంటుంది. ఈ మూడూ మూడు కాంపోనెంట్లు. ఒక్కొక్కదానికీ సొంతంగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అక్షాలుంటాయి. లోపలిదాని దిక్కును నిర్ణయించేది దాన్ని మోస్తున్న బయటి కాంపోనెంట్ అక్షాలే గాని, భవనం అక్షాలు కావు. ఇది గుర్తుంటే మిగతాది సులువు.

1. చిన్నదాంతో మొదలుపెట్టి పెద్దదానికి రావాలి. కాంపోనెంట్ చేసేటప్పుడే అక్షాలు కలిసే బిందువును పనికొచ్చే చోట పెట్టుకోవాలి. రెక్కకైతే మడతబందు దగ్గర పెడితే తెరిచి చూపడం తేలిక.

2. గోడకు అతికే కిటికీలో ఎరుపు, ఆకుపచ్చ అక్షాలు గోడ తలం మీద ఉండాలి. నీలం అక్షం గోడ నుండి బయటికి చూడాలి. గోడకు అతుక్కునే, గోడను కోసే గుణాలు రెక్కకు కాదు, కిటికీకే ఇవ్వాలి. అయినా ఒక ముఖమే తెగుతుంది. గోడ రెండో ముఖాన్ని మనమే కోయాలి.

3. కిటికీని తిప్పాలంటే బయటినుండే తిప్పాలి. లోపలికి వెళ్లి రెక్కను తిప్పితే దాని నకళ్లన్నీ మారతాయి. ప్లానులో 40 కిటికీలుంటే 40 మారినట్టే! ఒక్కదాన్నే మార్చాలంటే ముందు దాన్ని ‘మేక్ యూనిక్’ చేయాలి.

బొమ్మను నమ్మి వడ్రంగి చెక్క కోస్తాడు. అక్కడ ఎడమ కుడి అయితే కలపా, కూలీ రెండూ వృథా. అందుకే గీసిన ప్రతిసారీ అక్షాలు చూసుకుందాం.