యుంగ్ చెప్పిన ఎనిమిది రకాలు: చిక్కంతా మాటల్లోనే

ప్రశ్న: కార్ల్ యుంగ్ వ్యక్తిత్వ సిద్ధాంతం కొరకరాని కొయ్యగా ఉంది. ఆయన పుస్తకం ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చివరి నుంచి. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు యుంగ్ 1921లో జర్మన్‌లో వెలువరించిన ‘మానసిక రకాలు’ గ్రంథంలో మొదటి తొమ్మిది అధ్యాయాలూ మధ్యయుగాల మతవాదాలు, షిల్లర్, నీషే, విలియం జేమ్స్ వగైరాల చుట్టూ తిరుగుతాయి. రకాల వర్ణన పదో అధ్యాయంలో గానీ రాదు. పదాల నిర్వచనాలు పదకొండోదానిలో ఉన్నాయి. ఆ రెండూ ముందు చదివితే సగం బరువు దిగుతుంది. మిగతా సగం మాటల చిక్కు. యుంగ్ వాడినవి చాలావరకు రోజూ వినే మాటలే, అర్థాలే వేరు.

ప్రశ్న: అంతర్ముఖుడంటే సిగ్గరి, బహిర్ముఖుడంటే వాగుడుకాయ అనుకోవచ్చా?

జవాబు: కూడదు. మనసు మొగ్గు ఎటు అన్నదే యుంగ్ చూసింది. బహిర్ముఖుడికి బయటి మనుషులు, వస్తువులు, సంఘటనలు ముఖ్యం. అంతర్ముఖుడికి వాటివల్ల తన లోపల కలిగినది ముఖ్యం. సభలో గంటసేపు అనర్గళంగా మాట్లాడేవాడూ అంతర్ముఖుడు కావచ్చు.

ప్రశ్న: మనసు పనిచేసే తీరులుగా యుంగ్ చెప్పిన సంవేదన, స్ఫురణ, ఆలోచన, భావన... వీటి మధ్య తేడా ఎలా పట్టుకోవాలి?

జవాబు: నలుగురు ఒక అద్దె ఇల్లు చూడటానికి వెళ్లారనుకుంటే సరి. ఒకరు కొళాయి తిప్పి ధార చూస్తారు, గోడ చెమ్మను వేలితో తడుముతారు. ఇది సంవేదన. రెండోవారు గుమ్మంలో నిలబడే ‘రెండేళ్లలో ఈ వీధంతా దుకాణాలైపోతుంది’ అంటారు. ఎలా తెలిసిందంటే చెప్పలేరు. అది స్ఫురణ. మూడోవారు అడ్వాన్సు, అద్దె, ఆఫీసుకు దూరం లెక్కగడతారు. ఆలోచన. నాలుగోవారు ‘అమ్మకు ఈ మెట్లు కష్టం, అద్దె తక్కువైనా వద్దు’ అని తేల్చేస్తారు. భావన.

ఈ నాలుగోదే పాఠకులను తప్పుదారి పట్టిస్తుంది. భావన అంటే కన్నీళ్లు, కోపతాపాలు కాదు. విలువ కట్టి ఏది కావాలో ఏది వద్దో తేల్చడం. అందుకే యుంగ్ ఆలోచననూ భావననూ ఒకే గాటన కట్టి హేతుబద్ధమన్నాడు. సంవేదన, స్ఫురణ విషయాన్ని అందుకుంటాయే గానీ తీర్పు చెప్పవు కనుక అవి అహేతుకం. తెలివితక్కువవని కాదు. నాలుగూ అందరిలోనూ ఉంటాయి. ఒకటి ముందు నడుస్తుంది, దాని జతలోని రెండోది వెనకబడుతుంది. లెక్కల్లో దిట్ట అయినవాడు ఇంట్లో ఎవరి మనసు ఎందుకు నొచ్చుకుందో తెలియక తెల్లమొహం వేయడం అందుకే. నాలుగింటిని రెండు మొగ్గులతో హెచ్చిస్తే ఎనిమిది రకాలు.

ప్రశ్న: మరి వ్యక్తిత్వ పరీక్షల్లో కనిపించే పదహారు రకాలు ఎక్కడివి?

జవాబు: అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ చేసినవి. ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవారు కారు. తీర్పువైపా, గ్రహణంవైపా అన్న మరో జత కలపడంతో ఎనిమిది పదహారయ్యాయి. వాళ్ల పరీక్ష ఇచ్చే నాలుగక్షరాల ఫలితం చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, మధ్యలో గీత గీసి మనుషుల్ని అటో ఇటో తోయడం దీని లోపం. చాలామంది ఆ గీతకు దగ్గర్లోనే ఉంటారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే అక్షరం మారిపోవడం మామూలే. నేటి పరిశోధకులు ఎక్కువగా రకాలు వదిలి ఐదు లక్షణాల కొలతను వాడుతున్నారు. ఉద్యోగానికి మనుషుల్ని ఎంచుకోవడానికి ఈ పరీక్షను వాడరాదని దాన్ని నడిపే సంస్థలే చెబుతున్నాయి.